సముద్రం చూడకపోతేనేం?

జైనూర్ నుంచి సముద్రం చాలా దూరం. తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టే ముచ్చట మనకెందుకు అంటారా? హైదరాబాద్‌లోనూ సముద్రం లేదు. అయినా అక్కడి అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి మరో నలుగురితో కలిసి నేవీ పడవ ‘తారిణి’పై ప్రపంచాన్ని చుట్టొచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు తిరిగారు.

బ్రిటన్‌లో 1996లో మొదలైన క్లిప్పర్ రేసులో మామూలు జనమే పడవ నడుపుతారు. అనుభవం అక్కర్లేదు, నాలుగు దశల శిక్షణ ఉంటే చాలు. కానీ ఫీజు లక్షల్లో. అంటే మనకు అడ్డు సముద్రం కాదు, పైసలు.

నేవీ దారిలో శిక్షణ ఉచితం, పైగా జీతం. ఎన్‌డీఏ పరీక్ష ఇప్పుడు అమ్మాయిలూ రాయొచ్చు. కాకపోతే నేవీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. పదో తరగతిలోనే ఈ మాట చెప్పేవాళ్లు లేకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే.

హుస్సేన్‌సాగర్‌లో సర్కారు బడి పిల్లలు సెయిలింగ్ నేర్చుకుంటున్నారు. మన దగ్గర కడెం జలాశయం ఉంది. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు సెలవుల్లో అక్కడ ఈత, పడవ ఎందుకు నేర్పకూడదు? అధికారులు ఆలోచించాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ గట్టిగా అడగండి.