చేతిరాత అచ్చయితే

పిల్లలూ! ఈ మధ్య మీ ఇంటికి పెళ్ళి శుభలేఖ ఏదైనా వచ్చిందా? వస్తే, పెళ్ళి ఎవరిదన్న సంగతి అలా ఉంచి, అక్షరాలను చూడండి. కొన్నిటి మీద వధూవరుల పేర్లు ఎవరో అప్పుడే కలం పెట్టి రాసినట్టుంటాయి. తలకట్టు గాలికి వాలినట్టు, కొమ్ము తోకలాగా సాగినట్టు! నిజానికి ఎవరూ రాయలేదు. కంప్యూటరులో కూర్చి అచ్చు వేశారు. కాని ఆ అక్షరాల్లో కొన్ని మొదట ఒక మనిషి చేతిలోంచి పుట్టినవే. ఆయన బాపు.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురంలో పుట్టారు. మన సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరికి అవతల ఉన్న ఊరే అది. 1967లో వచ్చిన ఆయన మొదటి సినిమా ‘సాక్షి’ని మన ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో తీశారు. ఆయన బొమ్మలు వేయడమే కాక, పుస్తకాల అట్టల మీద పేర్లు కూడా తన చేత్తోనే రాసేవారు. ఆ రాతనే తరువాత కంప్యూటరు అక్షరాలుగా మలిచారు. 2014లో ఆయన పోయారు. రాత మాత్రం ఇంకా శుభలేఖల మీద, దుకాణాల బోర్డుల మీద కనిపిస్తూనే ఉంది.

అక్షరాలు మలచడమంటే మాటలు కాదు సుమా! మనకు ముప్పైకి పైగా హల్లులు, ఒక్కొక్కదానికి పదికి పైగా గుణింతాలు. గుణిస్తే వందల్లో తేలతాయి. ఒత్తులు వేరు. గుడి, కొమ్ము, ఒత్తు ఏ అక్షరం పక్కన పడ్డా, ఒకే చేతి గీతలాగా అతకాలి.

ఇంకొక చిక్కు. కాగితం మీద ‘పాపాయి’ అని రాయండి. మీ రెండు ‘పా’లూ ఒక్కలాగే ఉన్నాయా? ఉండవు. కంప్యూటరు ‘పా’లు మాత్రం అచ్చు గుద్దినట్టుంటాయి. అక్కడే గుట్టు బయటపడుతుంది! నేర్పరులైన వాళ్ళు ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు చేసి మార్చి మార్చి పడేట్టు చూస్తారు.

ఇంత అందమైన రాతను ఎక్కడ వాడాలి? నన్నడిగితే, పెద్ద అక్షరాల్లో, నాలుగైదు మాటలకు. కథ పేరుకు, పెళ్ళివారి పేర్లకు బాగు. పాఠం మొత్తం అందులో వేస్తే కళ్ళు నొప్పి పుడతాయి. ‘ముమ్మిడివరం’ చూడండి. మకూ వకూ తేడా చివరి కొమ్ము ఒక్కటే. ద, ధ, థలకు చిన్న గీత, చుక్క తేడా. వంకర గీతల్లో, చిన్న సైజులో అవి కలిసిపోతాయి. కొందరు ముహూర్తం, ఊరి పేరు, ఫోను నెంబరు కూడా ఆ వయ్యారపు రాతలోనే వేయిస్తారు. ఇక చుట్టాలు రేవు దాటి, ఎక్కడికి రావాలో తెలియక నిలబడాలి! అలాంటి వాటికి నిటారైన మామూలు అచ్చు అక్షరాలే మేలు.

మీ ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే తీయండి. తాతగారికిచ్చి, చెయ్యంత దూరంలో పట్టుకుని ముహూర్తం చదవమనండి. ఏ అక్షరం దగ్గర ఆగారో రాసుకోండి.