లెక్క తప్పదు, లెక్క కట్టే మనిషి తప్పుతాడు

ప్రపంచానికి పునాది గణితమేనన్న మాట ఇప్పుడు మన పిల్లల నోట కూడా వినబడుతోంది. ప్రకృతి అనే గ్రంథం గణిత భాషలో రాసి ఉందని 1623లో గెలీలియో అన్నాడు. 2014లో మాక్స్ టెగ్మార్క్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇంకో అడుగు వేసి, విశ్వమే ఒక గణిత నిర్మాణమని పుస్తకం రాశాడు. పెద్దవాళ్లు అన్నారని ఒప్పుకోవాలా? నేను ఒప్పుకోను.

వాళ్ల వాదనలో బలం లేదని కాదు. గోర్ బోలీలో ఏక్, ది, తీన్ అన్నా, గోండీలో ఉండి, రండ్, మూండ్ అన్నా మేకలు మూడే. 1846లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెవెరియే యురేనస్ నడకలో తేడా చూసి, ఫలానా చోట ఇంకో గ్రహం ఉండాలని కాగితం మీదే తేల్చాడు. బెర్లిన్‌లో దుర్భిణి అటు తిప్పితే నెప్ట్యూన్ దొరికింది. ఉత్త పనిముట్టే అయితే కనబడని గ్రహాన్ని ఎట్లా పట్టిందని అడుగుతారు.

అది సగం కథ. అదే లెవెరియే 1859లో బుధ గ్రహం నడకలో తేడా చూసి, సూర్యుడి దగ్గర ఇంకేదో తిరుగుతూ ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెతికినా దొరకలేదు, ఎందుకంటే అది లేనే లేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నే మార్చాక గానీ ఆ తేడా తేలలేదు. మనిషి అదే, పద్ధతి అదే. ఒకసారి గ్రహం దొరికింది, ఒకసారి దొరకలేదు. తీర్పు చెప్పింది కాగితం కాదు, ఆకాశం.

మన బాన్సువాడకు వద్దాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. నిజాంసాగర్ కాలువ కింది ఎకరమూ, తండా పక్కన రాళ్ల చెలక ఎకరమూ కాగితం మీద ఒకటే. రెండూ ఒకటేనా అని మీ యాడిని అడగండి. నవ్వుతుంది. గజాలు కొలిచినవాడు నీళ్లు కొలవలేదు. ఏది కొలవాలో, ఏది వదలాలో గణితం చెప్పదు, మనిషి నిర్ణయిస్తాడు.

సావుకారి దగ్గర 50,000 రూపాయలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. అంటే ఏడాదికి నూటికి 24. మూడేళ్లకు బారువడ్డీ అయితే 86,000 కట్టాలి. ఏడాదికోసారి మిత్తిని అసలులో కలిపితే 95,331. రెండు లెక్కలూ సరైనవే. 9,331 రూపాయల తేడా ఎవరి ఇంటికి పోవాలన్నది మాత్రం గణిత సూత్రం కాదు. "లెక్క అట్లే వచ్చింది, నేనేం చేయను" అని సావుకారి అంటే, ఏ పద్ధతి పెట్టావని అడగాలి. అంకెనే దేవుడనుకున్నవాడు ఆ ప్రశ్న అడగలేడు.

అట్లాగని, పనిముట్టే కదా అని లెక్కలు వదిలేస్తే అంతకన్నా నష్టం. గొడ్డలి పట్టడం రానివాడికి అడవిలో పని లేదు. లెక్క రానివాడికి ఆ 9,331 కనబడనే కనబడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. తండా పిల్లలకు లెక్కలు రావని ఇంకెప్పుడూ అనకండి. ఆ పిల్లల తల్లులు ఏ పుస్తకమూ చూడకుండా కుట్టులో అద్దాలకూ గవ్వలకూ వరస తప్పకుండా చోటు కొలుస్తారు. అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టండి. జవాబు సరిగ్గా వచ్చాక, "ఈ లెక్కలో ఏది వదిలేశారు?" అని కూడా అడగడం నేర్పండి.