తాతలు మావాళ్లు, తాళాలు మీవి

"కాగితముందా?"

ఈ దేశంలో సాయిబుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇప్పుడది మనతో ఆగకుండా మన అమ్మానాన్నల దాకా, తాతల దాకా పోయింది. అదే కొత్త. అస్సాంలో 2019 ఆగస్టు 31న విడుదలైన ఎన్నార్సీ చివరి జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోయాయి. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు, 1987 జూలై 1 తర్వాత పుట్టినవాళ్లను తల్లిదండ్రుల కాగితాలు కూడా తెమ్మన్నారు. మీ పెద్దలెవరు, ఎక్కడ పుట్టారు, రుజువేది?

సరే. నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. మా తాత పుట్టినప్పుడు రాసుకున్న కాగితం మీ బీరువాలోనే ఉంది కదా! ఎందుకు చూడనివ్వరు?

ఊరికే అడగడం లేదు. పోయి చూసి వచ్చి అడుగుతున్నాను. నేను పౌరసత్వం నిరూపించుకోవడానికి పోలేదు. పౌరసత్వం తాతల కాగితాల మీద నిలబడకూడదనే నా వాదం. మా ఇంటి చరిత్ర రాసుకుందామని పోయాను. తెలంగాణలో ఒక పాత తాలూకా ఊరు, అందులో ఒక ప్రభుత్వ కార్యాలయం. మూడుసార్లు తిప్పించుకుని నాలుగోసారి గుమాస్తా బస్తా విప్పాడు. గుడ్డలో చుట్టిన రిజిస్టర్లు, అంచులు చెదలు తిన్నవి. అన్నీ ఉర్దూలో, గొలుసుకట్టు షికస్తా రాతలో. పొద్దంతా పేజీలు తిప్పితే మా దాదా దొరికాడు. 1332 ఫస్లీ, ఖుర్దాద్ నెల.

"1332 అంటే ప్రతాపరుద్రుని కాలమా సార్?" అని నవ్వాడు గుమాస్తా.

నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేదనీ, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందనీ, ఖుర్దాద్ ఏడో నెల గనక ఇంకొకటి కలపాలనీ, అంటే ఇది 1923 ఏప్రిల్ అనీ చెప్పాను.

"మంచిగనే ఉంది గని, నాకు ఉర్దూ రాదు. మీరు సదివింది నిజమని నేనెట్ల సంతకం పెట్టాలె?"

"ఉర్దూ వచ్చినవాళ్లతో చదివించండి."

"మా ఆఫీసుల ఎవరున్నరు సార్? దొరకలేదని రాసిస్త, తీసుకపోండ్రి."

రిజిస్టరు మా ఇద్దరి మధ్య బల్ల మీద తెరిచే ఉంది. మా దాదా పేరు మీద నా వేలుంది. ఆయన మాత్రం దొరకలేదని రాసిస్తానంటున్నాడు! చదవగలిగిన నా దగ్గర ముద్ర లేదు. ముద్ర ఉన్నాయనకు చదవడం రాదు. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను. మర్యాదస్తుడు, చాయ్ కూడా తెప్పించాడు. తప్పు ఆయన పై వాళ్లది. 2017లో ఉర్దూను తెలంగాణ అంతటా రెండో అధికార భాష చేశామని చెప్పుకున్నారు. అధికార భాషంటే బోర్డుల మీద మూడో వరుసా? సొంత బీరువాలోని సొంత రిజిస్టరు చదవలేని ప్రభుత్వానికి ఏ అధికార భాష ఉన్నట్టు?

చట్టం లేదా అంటే, ఉంది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఎవరైనా సరే రిజిస్టరులో వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు అంది. చనిపోయినవాళ్ల విషయంలో చావుకు కారణం మాత్రం బయటపెట్టొద్దంది. మంచి చట్టం. 2023లో దాన్ని సవరించినప్పుడు నకలు అన్న మాట తీసి సర్టిఫికెట్ అని పెట్టారు. చిన్న మార్పే అనుకుంటాం. కానీ నకలంటే ఆనాడు రాసింది రాసినట్టు. సర్టిఫికెట్ అంటే ఈనాటి ఫారంలో పట్టినంత. చరిత్ర వెతికేవాడికి ఫారంలో పట్టనిదే కావాలి. పైగా ఇదంతా ఈ చట్టం కింద నడిచే రిజిస్టర్ల సంగతి. అంతకుముందువి ఎవరి బాధ్యత అంటే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తుంది. 2005 సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, ఇరవై ఏళ్లు దాటిన సంగతుల సమాచారం ఇచ్చి తీరాలి. వందేళ్లనాటి పుట్టుక ఎవరి రహస్యం?

పనికి పూనుకుంటే కుదరదా? ఎందుకు కుదరదు! అస్సాంలో జనాన్ని జల్లెడ పట్టాలనుకున్నప్పుడు 1951 నాటి ఎన్నార్సీనీ, 1971 దాకా ఓటర్ల జాబితాలనూ కంప్యూటర్లకెక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. అనుమానించడానికి తెరుచుకునే బీరువా, తెలుసుకోవడానికి తెరుచుకోదు. ఇంకో విచిత్రం చూడండి. బ్రిటిష్ ఇండియాలో తెల్లవాళ్ల బాప్టిజాలు, పెళ్లిళ్లు, సమాధుల లెక్కలన్నీ నకళ్లు తీసి లండన్ పంపారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. సికింద్రాబాద్ దండులో చనిపోయిన తెల్ల సిపాయి పసిబిడ్డను ఆ ఇంటి మునిమనవలు లండన్‌లో కూర్చుని వెతుక్కోగలరు. ఆ దండుకు రొట్టెలు కాల్చినవాడి మనవడు ఇక్కడ పుట్టి, ఇక్కడే ఉండి, తన తాతను వెతుక్కోలేడు.

ఇంతవరకూ సర్కారు మాట. ఇక మన మాట.

మా దాదా పుట్టుక రాసిన వరుసలో ఆయన తండ్రి పేరు పక్కన పేషా అన్న గడి ఉంది. అందులో ఒకే మాట. నద్దాఫ్. అంటే దూదేకేవాడు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న కథ వేరు. మేం షేకులం, మా పెద్దలు అరబ్బు దేశం నుంచి గుర్రాల మీద వచ్చారు. పెళ్లి సంబంధాలప్పుడు ఆ గుర్రాలు మరీ ఎక్కువగా పరుగెత్తేవి. ఇంటికొచ్చి మా చాచాకు ఈ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "దాన్ని అక్కడే ఉండనీ బేటా" అన్నాడు.

అప్పుడర్థమైంది, ఆ బీరువాకు తాళాలు రెండని. ఒకటి సర్కారుది. రెండోది మా చాచాది.

హిందూత్వవాది ఏమంటాడు? మీరు బయటి నుంచి వచ్చారు, పొండి అంటాడు. మన అష్రాఫులేమంటారు? అవును, మేం బయటి నుంచే వచ్చాం, అందుకే గొప్పవాళ్లం అంటారు. ఇద్దరిదీ ఒకే మాట కాదా? ఒకరు తిట్టుగా అంటున్నారు, ఒకరు బిరుదుగా చెప్పుకుంటున్నారు. ఈ ఇద్దరికీ ఆ రిజిస్టరులోని ఒక్క మాట జవాబు చెబుతోంది. మా ముత్తాత గుర్రం దిగలేదు. ఈ నల్లరేగడిలో పండిన పత్తిని ఏకాడు. మీ పరుపుల్లో, మీ దిండ్లలో ఆయన చెమట ఉంది.

రెడ్ల ఇళ్ల గోత్రాలు, వంశాలు చెప్పడానికి పిచ్చకుంట్లవాళ్లున్నారు. సయ్యదులకు అటకల మీద షజరాలున్నాయి. దూదేకులకు, కసాయికి, ఫకీరుకు వంశం చెప్పేవాడెవడు? ఆ చెదలు పట్టిన రిజిస్టరే మా షజరా. అది పోతే మేం ఎవరి కథలోనైనా చేర్చదగిన మనుషులం. అరబ్బువాళ్లంటే అరబ్బువాళ్లం, చొరబాటుదారులంటే చొరబాటుదారులం.

ఇంకో మాట. దాదా పుట్టుక రాసినచోట ఆయన్ని కన్నతల్లి పేరు లేదు. జౌజా ఫలానా, అంటే ఫలానావాడి భార్య. అంతే. ఆమె పేరు అక్షరాల్లో ఉండగలిగింది ఒక్కచోటే, నిఖా పుస్తకంలో. పెళ్లికూతురి పేరూ, మెహర్ ఎంతో, సాక్షులెవరో ఖాజీ రాసి తీరాలి. ఆ సియాహానామాలు ఏమయ్యాయి? పాతవి ఎన్నో ఖాజీల ఇళ్లలో పెట్టెల్లోనే ఉన్నాయి. తండ్రి తర్వాత కొడుకు ఖాజీ అయిన చోట పుస్తకాలూ ఇంటి ఆస్తిలా కొడుక్కే పోయాయి. అడిగితే, "ఆడవాళ్ల పేర్లు బయటపెడతామా?" అని మర్యాద నేర్పుతారు. వందేళ్ల కింద పోయిన మా ముత్తవ్వ పేరు నాకు తెలిస్తే పోయేది ఎవరి పర్దా? ప్రభుత్వాన్ని తాళం తీయమనే ముందు మన ఖాజీలను పెట్టె తెరవమనాలి.

కొన్ని చావులు ఏ పుస్తకంలోనూ లేవు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ రోజుల్లో, ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. భారత ప్రభుత్వమే పంపిన కమిటీ అది. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనానికి చూపించలేదు. మా బడీ నానీ మొగుడు బీదరులో చిన్న ఉద్యోగి. ఆ నెలలో పోయినవాడు మళ్లీ రాలేదు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, జనాజా చూసినవాళ్లు లేరు, కాగితం అసలే లేదు. ఆమె ఇద్దత్ కూర్చోలేదు. నాలుగు నెలల పది రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? చచ్చిపోయేదాకా నల్లపూసలు తీయలేదు. చావును నమోదు చేయకపోతే చంపినవాడుండడు, చచ్చినవాడుండడు. రజాకార్ల దుర్మార్గాలు రాయండి, రాయాల్సిందే. ఈ చావులూ రాయండి. పేర్లతో రాయండి.

లౌకికవాద మిత్రులు కొందరు నన్ను హెచ్చరించారు. రికార్డులు తెరిస్తే గూండాల చేతుల్లో పడవా అని. ఆ భయం నాకూ ఉంది. 2002లో గుజరాత్‌లో గుంపుల చేతుల్లో ముస్లింల ఇళ్ల జాబితాలున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక రాసింది. ఇది కొట్టిపారేయగల అభ్యంతరం కాదు. కానీ ఆ జాబితాల్లో ఉన్నది బతికున్నవాళ్లు. నేనడిగేది చనిపోయినవాళ్లను. స్కాట్లాండులో పుట్టుకలు వందేళ్లు, పెళ్లిళ్లు 75 ఏళ్లు, చావులు 50 ఏళ్లు దాటాక ఆ పేజీలను ఇంట్లో కూర్చునే చూసుకోనిస్తారు. అటువంటి గీత మనమూ గీసుకోవచ్చు. ఇప్పుడు నడుస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. బతికున్నవాళ్ల వివరాలన్నీ సర్కారు గుప్పిట్లో, చచ్చినవాళ్ల వివరాలు చెదల గుప్పిట్లో.

కాబట్టి అడుగుతున్నాం. తాలూకా బస్తాల్లోని చావు పుట్టుకల రిజిస్టర్లను ముందు చెదల నుంచి కాపాడండి. ఫొటోలు తీయించండి. ఉర్దూ, పారశీకం చదివే పిల్లలకు ఉద్యోగాలిచ్చి, వాళ్లు చదివిన దానికి ముద్ర వేసే అధికారం ఇవ్వండి. పేర్ల పట్టిక తెలుగులో, ఉర్దూలో వేయండి. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. అన్నీ ఒకే మనిషని పట్టికలో చెప్పండి. ఖాజీల పాత పుస్తకాల నకళ్లు తీయించండి. వెతకకుండా దొరకలేదని రాసిచ్చే అలవాటు మానండి.

మా దాదా పేజీ ఇంకా ఆ బస్తాలోనే ఉంది. పోయిన వానాకాలం తర్వాత ఉందో లేదో మరి. చాచాకు చెప్పే ఈ వ్యాసం రాశాను. ఆయన వద్దనలేదు. "నద్దాఫ్ అన్న మాట సరిగ్గా రాయి" అన్నాడు.

రాశాను చాచా. దూదేకుల అని కూడా రాశాను.