నక్షత్రం లేని బంగళా

మా మేనకోడలు అమెరికానుంచి వచ్చిందంటే నాకు సంతోషమూ, కొంచెం భయమూ రెండూ కలుగుతాయి. సంతోషం ఎందుకో చెప్పనక్కర్లేదు. భయం ఎందుకంటే ఆ పిల్ల ప్రశ్నలు వేస్తుంది. నాకు వచ్చిన జవాబులేమో పాతబడిపోయాయి.

ఈసారి ధనుర్మాసంలో వచ్చింది. రాజమండ్రిలో మా వీధి నిండా ముగ్గులు. పొద్దున్న కాఫీ తాగుతూ ఉండగా మొదలుపెట్టింది.

"మావయ్యా! క్రిస్మస్ వస్తే అక్కడ మేము పాతకాలపు మేడలు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళతాం తెలుసా?"

"టిక్కెట్టు కొనుక్కుని పరాయివాళ్ళ ఇల్లు చూడ్డమేమిటే?"

అప్పుడు చెప్పింది. నార్త్ కరోలినాలో ఆష్‌విల్ అనే ఊరి దగ్గర బిల్ట్‌మోర్ అని ఒక మేడ ఉందట. రైళ్ళమీద కోట్లు గడించిన వాండర్‌బిల్టుల కుటుంబంలో మనవడు జార్జి కట్టించాడు. మొత్తం 250 గదులు. 1895లో సరిగ్గా క్రిస్మస్ ముందురోజున చుట్టపక్కాలని పిలిచి గృహప్రవేశం చేశాడు. ఇప్పటికీ ప్రతి యేటా ఆ మేడ నిండా చెట్లు నిలబెట్టి, దండలు కట్టి, దీపాలు పెడతారు. భోజనాల హాలులో పెట్టే చెట్టు ఒక్కటే ముప్ఫై అయిదు అడుగులట! మన కొబ్బరిచెట్టుని నడిమికి నరికి హాల్లో నిలబెట్టినట్టు ఊహించుకున్నాను.

"మన గోదావరి వేపు అలాంటి ఇల్లు లేదా మావయ్యా?"

లేదని ఒప్పుకోవడం గోదావరి జిల్లావాడికి ప్రాణసంకటం. "లేకేం! ధవళేశ్వరంలో కాటన్ దొర బంగళా ఉంది. పద" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ నా వంక అదోలా చూసింది. చూడదూ మరి!

ఆటో కట్టించుకుని బయల్దేరాం. ఊళ్ళోవాళ్ళు కాటన్ బంగళా అనే ఆ పాత కట్టడాన్ని 1988లో మ్యూజియం చేశారు. లోపల ఆనకట్ట నమూనాలూ, పాత ఫోటోలూ, ఆనాటి పనిముట్లూ ఉన్నాయి. ఇనప సామాను చూస్తుంటే ఆ బరువు మోసిన చేతులు ఎలాంటివో అనిపిస్తుంది. అన్నీ ఉన్నాయి గాని, క్రిస్మస్ ముందురోజు గదా, ఒక్క కాగితప్పువ్వు లేదు. ఒక్క నక్షత్రం లేదు.

"చెట్టేది మావయ్యా?" అంది పిల్ల.

పరువు దక్కించుకోవడానికి చరిత్రలోకి దూరాను. "దొరల ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు అంత పాతదేం కాదే. 1848 డిసెంబరులో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే బొమ్మల వారపత్రిక విక్టోరియా రాణీ కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేసింది. ఆ తరవాతే ఇంగ్లండులో ఇంటింటికీ చెట్టు పాకింది. చూశావా, వారపత్రికలు ఎంత పని చేస్తాయో! ఇక్కడ ఆనకట్ట పని మొదలైంది అంతకి ముందేడు, 1847లో. పోనీ ఆ 1848లో దొర ఇక్కడున్నాడా అంటే అదీ లేదు. ఒళ్ళు పాడై, పని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1850లో తిరిగి వచ్చాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది."

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మా ఇంట్లో ఇది పురాణంతో సమానం. కోనసీమలో మా తాతలనాటి పదెకరాలు కాలవ కింద పొలం. మా నాన్నగారు కాటన్ దొర పటాన్ని దేవుళ్ళ పటాల వరసలోనే పెట్టారు. ఊరికే పెట్టలేదు. 1833 కరువు మా వంశంలో కథలు కథలుగా చెప్పుకునేవారు. 1821లో గోదావరి జిల్లా జనాభా 7,38,308 ఉండేది. 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. చచ్చినవాళ్ళు చావగా, తక్కినవాళ్ళు దేశాలు పట్టిపోయారన్నమాట. పక్కనే గోదావరి నిండుగా సముద్రంలోకి పోతూ ఉండగా!

అంతా విని మేనకోడలు, "అయితే కట్టింది ఎవరు?" అంది.

"చెప్పాను గదే, కాటన్."

"రాళ్ళు మోసింది?"

పదివేలమంది కూలీలు మోశారు. ఆ కూలీలని కూర్చి, వాళ్ళకి నచ్చజెప్పి పని చేయించిన వీణెం వీరన్నగారి పేరు ఒక్కటి నాకు తెలుసు. మిగతావాళ్ళ పేర్లు? నేను ఈ దొరగారిమీద ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ ప్రశ్న మాత్రం నాకు నేను వేసుకోలేదు.

తిరుగుదారిలో ఆటో ఒక పేట పక్కన ఆగింది. ఆటో అబ్బాయి తల గోక్కుంటూ, "ఏమీ అనుకోకండి బాబుగారూ. ఇదే మా ఇల్లు. నక్షత్రం కట్టాలండి. నిచ్చెన పట్టుకోడానికి ఎవరూ లేరని మామ్మ పొద్దున్నుంచీ సతాయిస్తోందండి. రెండే నిమిషాలండి" అన్నాడు.

నేను ఆటోలోనే కూర్చుందామనుకున్నాను. మేనకోడలు అప్పటికే దిగిపోయింది.

అప్పుడు చూశాను, అలంకరించడమంటే ఏమిటో! గోడలకి కొత్త సున్నం. గుమ్మానికి మావిడాకులు. ఆ చూరునుంచి ఈ చూరుకి రంగుకాగితాల గొలుసులు. వాకిట్లో ముగ్గు, మా వీధిలో వేసినట్టే, చుక్క తప్పకుండా. ఒక మూల ఎండుగడ్డితో అల్లిన పశువుల పాక, అందులో మట్టితో చేసిన ఆవూ, దూడా. ఆవు కొంచెం మేకలా ఉంది గాని ఆ మాట అనలేదు. నక్షత్రం బజార్లో కొన్నది కాదు. వెదురుబద్దలు చీల్చి, చట్రం కట్టి, ఎర్రకాగితం అతికించి, లోపల బల్బు పెట్టారు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో ఈ డెల్టాకి వచ్చారు. 1845లో రాజమండ్రికి లూథరన్‌లు వచ్చారు. వాళ్ళు తెచ్చిన పండగ ఇలాంటి పేటల్లో ఎంతగా మన పండగ అయిపోయిందో ఆ మావిడాకులు చూస్తే తెలుస్తుంది.

ముసలామె మంచం వాల్చింది. "కూకోండి బాబూ. బంగళా చూసొత్తన్నారా? మా మావగారి తాత ఆ ఆనకట్టకి రాళ్ళు మోశాడంట. కొండకాణ్ణుంచి."

నేను మాట్లాడలేకపోయాను. మేనకోడలికి అలాంటి ఇబ్బందులు లేవు. "అయితే మామ్మగారూ, తరవాత మీకు భూమి ఎంత ఇచ్చారు?" అంది.

ముసలామె నవ్వింది. కోపం లేదు. "బూమా? బూమి బాబుగారిబోటోళ్ళకమ్మా. మాకు పనొచ్చింది. సార్వాకి ఊడ్పులు, దాళ్వాకి ఊడ్పులు. అదీ తక్కువేం కాదులే, ముందర అదీ లేదంట గదా!"

'బాబుగారు' నా పదెకరాల సంగతి ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు, నా మొహం చూస్తేనే తెలుస్తుంది కాబోలు. కాలవనీళ్ళు మా పొలంలోకి వచ్చినంత సుళువుగా మా తాతగారు ఏ పేటలోకీ వెళ్ళలేదు. మా నాన్నగారు వెళ్ళినా గట్టుమీద నిలబడే కేకేసేవారు. నేను గొప్పవాణ్ణని కాదు, నాకూ ఇదే మొదటిసారి. ఈ వయసులో!

పళ్ళెంలో అరిసెలూ, ఒక కేకు ముక్కా వచ్చాయి. అరిసె తిన్నాను. పాకం కుదిరింది. మా ఆవిడ చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

"మావయ్యా, నిచ్చెన!" అని అరిచింది మేనకోడలు. ఆటో అబ్బాయి నక్షత్రం భుజాన వేసుకుని అప్పటికే మూడు మెట్లు ఎక్కాడు. నిచ్చెన గోడమీద జారుతోంది. లేచి వెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను. "ఎడమకి... ఇంకొంచెం... అదీ!" అని కిందనుంచి ముసలామె ఆజ్ఞలు. వైరు తగిలించగానే పట్టపగలే ఎర్రగా వెలిగింది.

"పగలేం తెలుత్తాదమ్మా! రేత్రి రండి, పాటలకి" అంది ముసలామె. మేనకోడలు నన్ను అడక్కుండానే వస్తామని చెప్పేసింది.

ఇంటికొచ్చేసరికి నా చొక్కా ముందంతా సున్నం. మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "దొరగారి బంగళాకి వెల్ల వేసి వచ్చారేమిటి?" అంది.