"బాగుందమ్మా" అన్నారని సరిపెట్టుకోకండి

పోయినేడాది ఎండాకాలంలో మన గ్రూపు తరఫున ఒక ఆన్‌లైన్ ఫారం తయారుచేశాం. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి కారు కావాలన్నా, ఆసుపత్రిలో తెలుగులో చెప్పేవాళ్ళు తోడు కావాలన్నా, ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా అందులో రాస్తే చాలు, మాలో ఒకరు ఫోన్ చేస్తారు. తెలుగులోనూ పెట్టాం, ఇంగ్లీషులోనూ పెట్టాం. రంగులు బాగా కుదిరాయని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! రెండు నెలలైనా నలుగురు కూడా నింపలేదు. "మనవాళ్ళకి అవసరం లేదేమో" అన్నారొకరు. "అవసరం ఉన్నా అడగరు, పరువు" అన్నారింకొకరు. నేనూ తలూపాను.

ఆ తర్వాత ఒక వ్రతం భోజనాల దగ్గర, కొడుకింటికి ఆరు నెలలకని వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నారు. "మీ ఫారం నింపుదామని రెండుసార్లు కూర్చున్నానమ్మా. నాకు చేతకాలేదు. మాకీ ఫోన్లవీ తెలియవు కదా." ఆవిడ ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఫారం సరిగ్గా లేకపోతే ఆవిడ తనకే చేతకాలేదనుకున్నారు.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే నా ఉద్యోగమే యూజబిలిటీ టెస్టింగ్. అంటే పెద్ద విషయమేం కాదు. ఒక వస్తువునో, యాప్‌నో, ఫారాన్నో నిజంగా వాడబోయే మనిషి చేతికిచ్చి, ఒక పని చెప్పి, పక్కన కూర్చుని ఆవిడ ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ తికమకపడుతోందో చూడటం. పరీక్ష ఆ వస్తువుకి, మనిషికి కాదు. ఆఫీసులో ఇది చెయ్యకుండా ఒక్క పేజీ కూడా బయటికి వదలం. మనవాళ్ళ కోసం చేసినప్పుడు మాత్రం "మనవాళ్ళు మనకి తెలియదా" అనుకున్నాను. ఈ మాట మన సంఘాల్లో అందరూ అనేదే. నా అభిప్రాయం ఏంటంటే, ఆ మాట ముందు మానుకోవాలి.

సరే, ఆలస్యంగానైనా టెస్టు పెట్టుకున్నాం. ఎలా చేశామో చెప్తాను, మీకూ పనికొస్తుంది.

ముందు ఎవరిని పిలవాలన్న ప్రశ్న. ఈ రంగంలో జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఒకటి అందరి నోటా ఉంటుంది: అయిదుగురితో చేస్తే చాలు, చాలావరకు లోపాలు బయటపడతాయి అని. మా కమిటీలో కూడా "అయిదుగురే కదా, మనమే ఉన్నాం" అన్నారు. కానీ ఆయన అదే వ్యాసంలో ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాడేవాళ్ళు వేరువేరు రకాలవాళ్ళైతే ఒక్కో రకం నుంచీ విడిగా కొందరిని పిలవాలని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే అయిదుగురం కూర్చుంటే మా లోపాలు మాకు కనబడతాయా? అందుకని మూడు రకాలుగా తీసుకున్నాం: విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలూ అత్తలూ ముగ్గురు, పెళ్ళయి ఏడాది రెండేళ్ళలోపు ఇక్కడికి వచ్చినవాళ్ళు ముగ్గురు, పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నవాళ్ళు ముగ్గురు. మొత్తం తొమ్మిదిమంది.

పిలవడం కూడా కొడుకుల ద్వారానో భర్తల ద్వారానో కాదు, నేరుగా వాళ్ళకే వాయిస్ మెసేజ్ పెట్టాం. మామూలుగా ఇలా వచ్చి కూర్చున్నవాళ్ళకి ఎంతో కొంత డబ్బిస్తారు. పని అనుమతి లేని వీసాల మీద ఉన్నవాళ్ళకి దానివల్ల ఏ సందేహమూ రాకూడదని మేం ఆ జోలికి పోలేదు. ఇంటినుంచి తీసుకొచ్చి దింపడం, భోజనం పెట్టడం మా బాధ్యత అనుకున్నాం.

మొదటి టెస్టు చెడింది. ఇంట్లోనే పెట్టుకున్నాం. అత్తగారు ఫోన్ పట్టుకుని కళ్ళజోడు సర్దుకునేలోపే పక్కనున్న కోడలు "ఇటివ్వండి అత్తయ్యా, నేను చేస్తాను" అని లాక్కుంది. పాపం, సాయం చేద్దామనే. ఆ తర్వాత నుంచి ఊళ్ళో లైబ్రరీలో చిన్న గది తీసుకున్నాం. లోపల వచ్చినావిడ, నేను, రాసుకోవడానికి ఇంకొకరు, అంతే. వాడేది వాళ్ళ సొంత ఫోన్, వాళ్ళు అలవాటుపడ్డ అక్షరాల సైజు. నలభై నిమిషాలు దాటకూడదు. కూర్చోగానే చెప్పే మాట ఒకటే: "ఇది మేం చేసిన ఫారానికి పరీక్ష, మీకు కాదు. ఎప్పుడు లేచి వెళ్ళిపోవాలనిపించినా వెళ్ళిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు."

పని చెప్పే తీరులోనే సగం ఉంది. "రైడ్ రిక్వెస్ట్ నొక్కండి" అంటే ఆ రెండు మాటలూ ఎక్కడున్నాయో వెతికి నొక్కేస్తారు, దానివల్ల మనకేం తెలియదు. "జనవరి 4న కళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళాలి, మీ అబ్బాయి ఊళ్ళో లేడు, ఏం చేస్తారు?" అని అడగాలి. చేస్తున్నంతసేపూ మనసులో అనుకునేది పైకి అనమనాలి. ఈ పద్ధతిని 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ అనే ఆయన ఈ రంగంలోకి తెచ్చారు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, వంట చేస్తూ "ఉప్పు వేశానా, లేదా" అని పైకి అనుకునేవాళ్ళమే కదా. ఇక అడిగేవాళ్ళకి కష్టమైన పని నోరు మూసుకుని కూర్చోవడం. ఆవిడ వెతుకుతుంటే "అదిగో, కింద" అనాలని నాలుక పీకేస్తుంది. నేను మనసులో పది దాకా లెక్కపెట్టుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. ఫారం చివర "ఎలా ఉందండీ?" అని అడిగితే తొమ్మిదిమందిలో తొమ్మిదిమందీ "బాగుంది" అన్నారు. "బాగుందమ్మా, ఎంత కష్టపడ్డారో" అన్నారు. మొహమాటం! మన ఇంటికొచ్చి తీసుకెళ్ళి, భోజనం పెట్టిన పిల్ల మొహం మీద బాగోలేదని ఎవరంటారు? కానీ మా నోట్సులో ఉన్నది వేరు.

జనవరి 4 అని చెప్తే ఇద్దరు మన అలవాటు ప్రకారం 04/01 అని కొట్టారు. ఫారం అమెరికా లెక్కన దాన్ని ఏప్రిల్ 1 అని తీసుకుంది. ఒక్క మాట కూడా హెచ్చరించలేదు. నిజంగా ఐతే ఆవిడ ఆరోజు తయారై కిటికీ దగ్గర ఎదురుచూస్తూ కూర్చునేది, ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. తర్వాత "లాస్ట్ నేమ్" గడి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసాలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడినవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. ఆ గడి నింపితే గానీ ఫారం కదలదు. టీచరుగారు రెండుసార్లూ ఆగింది అక్కడే.

మూడోది చెప్పడం కష్టం. "ఇంట్లో ఇబ్బంది" అన్న భాగానికి వాళ్ళ సొంత సంగతులు రాయొద్దన్నాం, "మీకు తెలిసినావిడ ఎవరో అడుగుతున్నట్టు నింపండి" అన్నాం. కొత్తగా పెళ్ళయి వచ్చిన ఒకమ్మాయి అన్నీ చకచకా నింపుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. అక్కడ భర్త ఫోన్ నంబరు అడిగాం, తప్పనిసరి అని ఎర్ర చుక్క కూడా పెట్టాం. ఎక్కడిదో ఒక పాత ఫారం చూసి కాపీ కొట్టేటప్పుడు వచ్చి చేరిన గడి అది. ఆ అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టి "బాగుందక్కా" అంది. నేను బాగుందా లేదా అని అడగలేదు. "ఇక్కడ ఆగావు కదా, ఏమనుకున్నావు?" అన్నాను. కాసేపటికి అడిగింది: "ఈ నంబరుకి ఫోన్ వెళ్తుందా అక్కా?"

మేం ఆరుగురం ఆడవాళ్ళం కలిసి ఆడవాళ్ళ కోసం చేసిన ఫారం అది. ఒక్కరికీ తట్టలేదు.

మంచి ఉద్దేశం ఉంటే చాలదనడానికి ఈ దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో, వయసు మళ్ళిన ఓటర్లకి అక్షరాలు పెద్దగా కనబడాలని పేర్లని రెండు పేజీల్లో అటూ ఇటూ వేసి, మధ్యలో చిల్లులు పెట్టారు. ఏ చిల్లు ఎవరిదో తెలియక చాలామంది తికమకపడ్డారు. అల్ గోర్‌కి వెయ్యాలనుకున్న 2 వేలకు పైగా ఓట్లు బుకానన్‌కి పడ్డాయని తర్వాత రాజనీతి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ రాష్ట్రంలో బుష్ గెలిచింది 537 ఓట్ల తేడాతో. ఆ బ్యాలెట్‌ని ముందే పదిమంది పెద్దవాళ్ళ చేతికిచ్చి, పక్కన కూర్చుని చూసుంటే?

"మాకంత టైమెక్కడిది, మేం వాలంటీర్లం" అంటారని నాకు తెలుసు. మాకు పట్టింది మూడు శనివారాలు. అంతకుముందు ఎవరూ నింపని ఫారం పెట్టుకుని రెండు నెలలు పోగొట్టాం. పైగా "మనవాళ్ళు అడగరు" అని ఆ నింద కూడా వాళ్ళ మీదే వేశాం.

ఇప్పుడు ఫారంలో పేరుకి ఒకటే గడి. తారీఖు క్యాలెండర్ మీద నొక్కితే చాలు, నెల పేరు అక్షరాల్లో వస్తుంది. భర్త నంబరు తీసేశాం. దాని బదులు "మీకు ఏ నంబరుకి, ఏ టైంలో ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదు?" అని అడుగుతున్నాం. ఎంతమంది నింపారో ఇక్కడ రాయను, అది వాళ్ళ విషయం. ఖాళీగా మాత్రం లేదు.

కాబట్టి నా మనవి రెండు వైపులకీ. తెలుగు బడి రిజిస్ట్రేషనో, సంక్రాంతి టికెట్లో, ఇంకోటో, మీరు ఏది తయారుచేసినా వదిలేముందు మీలాంటివాళ్ళు కాని ముగ్గురిని కూర్చోబెట్టండి. "బాగుందా" అని అడక్కండి, వాళ్ళ చేతుల్ని చూడండి. ఇక మిమ్మల్నో మీ అమ్మగారినో ఎవరైనా ఇలా పిలిస్తే వెళ్ళండి, పంపండి. అక్కడ ఆగిపోతే "సారీ, నాకు రాదు" అనకండి. మీరు ఆగిన చోటు చూడటానికే మిమ్మల్ని పిలిచారు.

టీచరుగారిని ఇండియా వెళ్ళేముందు ఇంకోసారి పిలిచాం. ఈసారి ఏడు నిమిషాల్లో నింపేశారు. నేను సంతోషపడి కాగితాలు సర్దుకుంటుంటే ఆగమన్నారు. "ఇదిగో తల్లీ, ఇక్కడ 'సమర్పించు' అని రాశారు. దేవుడికా? 'పంపండి' అని పెట్టు. రాసుకో, మర్చిపోతావు."

రాసుకున్నాను. మార్చాం కూడా.