నోటిఫికేషన్ మన చేతిలో లేదు... రోజు మన చేతిలోనే ఉంది

ఉద్యోగం కోసం చదివేవారిని సిలబస్ కంటే ఎక్కువగా నలిపేది ఎదురుచూపు. రాష్ట్రంలో ఈమధ్య జరిగిన నియామకాలే ఇందుకు సాక్ష్యం. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పరీక్ష పెట్టారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు చివరికి వచ్చేశాం. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న జరిగింది. గ్రూప్-2 మెయిన్స్ కూడా 2024 జులై నుంచి 2025 జనవరికి, అక్కడి నుంచి ఫిబ్రవరి 23కి వాయిదా పడుతూ వచ్చింది.

మెగా డీఎస్సీది మరో కథ. 16,347 పోస్టుల ఫైలుపై 2024 జూన్‌లో సంతకం పడితే, నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. జూన్ 6 నుంచే పరీక్షలు! పది నెలలు ఎదురుచూడాలి, తర్వాత 47 రోజులు ఊపిరి సలపకుండా చదవాలి. తేదీల మీద ఆధారపడి మనసును నడిపిస్తే ఎవరికైనా అలసట తప్పదు.

ఊళ్లో ఉండి చదివితే...

శ్రీసత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న రొళ్ల లాంటి మండలాల్లో ఈ ఎదురుచూపు ఇంకాస్త బరువు. కోచింగ్ కావాలంటే మడకశిర, హిందూపురం దాటి అనంతపురమో, తిరుపతో, హైదరాబాదో వెళ్లాలి. ఖర్చు భరించలేనివాళ్లు ఇంట్లోనే ఉండి చదువుకుంటారు. అప్పుడు వీధిలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: 'ఏమప్పా, ఇంకా ఏం రాలేదా?' అమ్మాయిలైతే దానికి తోడు పెళ్లి మాట కూడా వినాలి.

కాలేజీలో ఉన్నన్నాళ్లు బెల్లు, బస్సు, క్లాసు మన రోజును నడిపించేవి. డిగ్రీ అయిపోగానే అవన్నీ ఒక్కసారిగా పోతాయి. రాత్రి రెండింటిదాకా ఫోన్, పొద్దున పదింటికి నిద్ర లేవడం, మధ్యలో టెలిగ్రామ్ గ్రూపుల్లో 'తేదీ మారిందంట' అనే పుకార్లు... ఇలా రోజుకు ఆకారమే లేకుండా పోతుంది.

ఒత్తిడి వచ్చినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ హార్మోన్లను విడుదల చేస్తుంది. పరీక్ష ముందు కాసేపు అయితే అవి పనికొస్తాయి. అదే నెలల తరబడి సాగితే నిద్ర, జీర్ణం, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. అప్పుడు ఎంతసేపు కూర్చున్నా పేజీ ముందుకు కదలదు. దాన్ని మనం బద్ధకం అనుకుని మనల్నే తిట్టుకుంటాం.

గడియారానికి కట్టిన అలవాట్లు

నిద్ర లేచే సమయం: రోజును గాడిలో పెట్టడానికి సులువైన మార్గం ఇదే. పడుకునే వేళ కాస్త అటూఇటూ అయినా, లేచే వేళ మారకూడదు. ఏడు గంటల నిద్ర తగ్గించి చదివితే లాభం లేదు. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే.

కదలిక: పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిస్తే చాలు. కానిస్టేబుల్ అభ్యర్థులకైతే 1600 మీటర్ల పరుగు పరీక్షలోనే ఉంది. తేదీ ఖరారయ్యాక మైదానానికి వెళ్లేవారికి, రెండేళ్లూ పరుగు ఆపనివారికి తేడా ఆ రోజు కాళ్లలోనే తెలుస్తుంది. 2025 జూన్ 21న విశాఖలో యోగాంధ్ర పేరుతో దాదాపు మూడు లక్షల మంది ఒకేచోట యోగా చేశారు. ఆ ఉత్సాహం మంచిదే, కానీ ఒంటికి మేలు చేసేది మిగతా 364 రోజులు.

తిండి: 2024-25 ఆర్థిక సర్వే ప్యాకెట్ తిండి, సోషల్ మీడియా, వ్యాయామ లోపం యువత మానసిక ఆరోగ్యంపై చూపే ప్రభావాన్ని ప్రస్తావించింది. ఈ విషయంలో మన ప్రాంతానికి కొరత లేదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సాయంత్రం చిప్స్ ప్యాకెట్ బదులు గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఓ గ్లాసు మజ్జిగ చాలు. ఉదయం తినకుండా టీలతో నెట్టుకురావడం మానేయాలి.

ఫోన్, మనుషులు: అధికారిక వెబ్‌సైటును రోజుకు ఒక్కసారి, ఒకే సమయానికి చూడండి. కొత్త సమాచారం ఉంటే అక్కడే ఉంటుంది. రోజుకు ఒక్కరితోనైనా మార్కుల ప్రసక్తి లేకుండా మాట్లాడండి.

నాలుగూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకటి కుదురుకున్నాక రెండోది. ఒకరోజు తప్పితే తప్పింది, మర్నాడు మానకుండా చేస్తే చాలు.

అలవాట్లతోనే అంతా తీరదు

నడకతో నోటిఫికేషన్ రాదు. సమయానికి జాబ్ క్యాలెండర్ అమలు చేయడం ప్రభుత్వాల బాధ్యత. విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గమనించాలి. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక కౌన్సిలర్ ఉండాలంది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టవద్దని విద్యాసంస్థలకు, కోచింగ్ సెంటర్లకు సూచించింది.

అయితే ఒక ఖాళీ మిగిలిపోయింది. డిగ్రీ ముగించి ఇంట్లో చదువుకునే రొళ్ల కుర్రాడు ఏ సంస్థలోనూ లేడు. ఆ తీర్పు చెప్పిన కౌన్సిలర్ అతనికి ఎదురుపడడు. అలాంటివారికి అందుబాటులో ఉన్నది టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ 24 గంటలూ ఉచితం. తెలుగులోనే కాదు, సరిహద్దు ఊళ్లలో వినిపించే కన్నడలోనూ మాట్లాడవచ్చు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకడం దండగ అనిపించినా ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఇదీ అంతే. తర్వాతి పరీక్ష తేదీని ఎవరో ప్రకటిస్తారు. రేపు ఎన్నింటికి లేవాలో మాత్రం ఈ రాత్రే మీరు నిర్ణయించుకోవచ్చు.