తీరిక వేళ : అలుగు, సంపు, ఒక ఎర్రగీత

సంపు అనే మాట మనకు కొత్తది కాదు. నీళ్ళు మొదట చేరేది వాకిట్లో భూమిలోపల కట్టిన సంపులోకి. అక్కడి నుండి మోటారు వాటిని మిద్దెమీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో ఉప్పునీటి అక్వేరియం గురించి వ్రాస్తూ, ‘తొట్టి క్రింద సంపు ఉంటే మంచిది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆ వాక్యాన్ని విడమరచి చెప్పమని కొందరు మిత్రులు కోరారు. విడమరచి చెప్పడానికి నాకు మరొక కారణం కూడా ఉన్నది. అది కొంచెం సిగ్గుపడవలసిన కారణం. దానిని తగిన చోట మనవి చేస్తాను.

అక్వేరియం సంపు కూడా మన ఇంటి సంపు వంటిదే. పైన హాలులో అందరికీ కనిపించే తొట్టి ఉంటుంది. దాని క్రింది అలమరలో మరొక గాజు తొట్టి ఉంటుంది. పై తొట్టి అంచున పళ్ళు పళ్ళుగా కోసిన ఒక అలుగు అమర్చుతారు. చెరువు నిండితే నీరు అలుగు మీదుగా పొర్లిపోయినట్లే ఇక్కడ కూడా పైపొర నీరు అలుగు దాటి, పైపు గుండా తన బరువుతోనే సంపులోకి దిగుతుంది. సంపు చివర ఉన్న పంపు దానిని తిరిగి పైకి పంపుతుంది. ఈ ప్రదక్షిణం రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది.

దీనివలన లాభమేమిటి? పగడపు దిబ్బలలోని జీవులు నీటిలో మార్పును సహించలేవు. మంచినీటి చేపలకు వారానికొకసారి నీరు మార్చి చేతులు దులుపుకొనవచ్చు. ఇక్కడ అలా కుదరదు. నీటి పరిమాణం ఎంత ఎక్కువైతే మార్పు అంత నిదానంగా వస్తుంది. సంపు ఆ పరిమాణాన్ని పెంచుతుంది. రెండవది, నీటి ఉపరితలం మీద పేరుకునే జిడ్డుపొర అలుగు మీదుగా ముందుగా దిగిపోవడం వలన గాలి నీటిలో కరగడానికి అడ్డు తొలగుతుంది. మూడవది, యంత్రసామగ్రి అంతా కంటికి కనబడకుండా అలమరలో దాగుతుంది. ఇంట్లో ఇల్లాలి అనుమతి లభించడానికి ఈ మూడవ కారణమే ముఖ్యమని నా అనుభవం.

సంపు లేకుండా పగడాలు బ్రతకవా అంటే, బ్రతుకుతాయి. ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన కేవలం సముద్రపు రాళ్ళు, గాలిబుడగలు, ఎండ వెలుతురు ఆధారంగా పగడాలను పెంచిన పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించారు. తొట్టి క్రింద వడపోత తొట్టిని పెట్టే పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది 1986లో, జార్జ్ స్మిట్ వ్రాసిన వ్యాసాలతో. ఆ రోజులలో సంపు పైన ప్లాస్టిక్ బంతులు నింపి, వాటి మీద నీరు జల్లులా పడేట్లు చేసేవారు. బంతుల మీద పెరిగే బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మార్చేది. కాని ఆ నైట్రేటు పోయే దారి లేక పేరుకునేది. క్రమంగా బంతులు పోయాయి. వాటిని పెట్టిన తొట్టి మాత్రం నిలిచింది.

పగడాల ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. దిబ్బలు నిర్మించే గట్టి పగడాలు 2001 నుండి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. సముద్రం నుండి తెచ్చిన పగడాన్ని, అది అంటుకొని ఉన్న రాతిని, దుకాణదారు ఎంత నమ్మకంగా చెప్పినా కొనవద్దు. నా తొట్టిలో ఉన్నవి పింగాణీ రాళ్ళు, నత్తలు, సముద్రపు నాచు, ఒక జత క్లౌన్ చేపలు. ఈ చేపలను హేచరీలో పొదిగించి పెంచే విధానాన్ని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏనాడో సాధించింది. కనుక సముద్రంలో వల వేయవలసిన అవసరం లేదు. ‘పగడం లేని పగడపు దిబ్బ ఏమిటి నాన్నా?’ అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. చేయనివ్వండి. సంపు అవసరం మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక నిర్మాణం. నా పై తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. క్రింది సంపు 90 పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు. రెండింటిలో కలిపి సుమారు 300 లీటర్ల నీరు తిరుగుతుంది. సంపును గాజు పలకలతో మూడు గదులుగా విభజించాను. పైనుండి దిగిన నీరు మొదటి గదిలో ఒక గుడ్డసంచి గుండా వస్తుంది. ఆ సంచిని మూడు నాలుగు రోజులకొకసారి ఉతకాలి. బద్ధకిస్తే అందులో చిక్కిన మలినం అక్కడే కుళ్ళి, వడకట్టిన ప్రయోజనం పోతుంది. అదే గదిలో ప్రోటీన్ స్కిమ్మర్ ఉంటుంది. పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే తెట్టును గరిటెతో తీసివేస్తాము కదా, ఈ యంత్రం చేసే పని కూడా అదే: సన్నని గాలిబుడగలను నీటిలోకి పంపి, వాటికి అంటుకొని నురుగుగా పైకి వచ్చిన మలినాన్ని ఒక గిన్నెలోకి చేరుస్తుంది. నీటి లోతు మారితే దాని పని చెడుతుంది గనుక ఆ గది అడ్డుపలక ఎత్తును స్కిమ్మర్ తయారీదారు చెప్పిన లోతుకు సరిపోయేట్లు పెట్టాలి. రెండవ గదిలో నాచు పెంచుతున్నాను. పై తొట్టి దీపం ఆరిన తరువాత ఇక్కడి దీపం వెలుగుతుంది. రాత్రివేళ నీటిలో పెరిగే బొగ్గుపులుసు వాయువును ఈ నాచు కొంత పీల్చుకుంటుంది. మూడవ గదిలో పంపు. రెండవ, మూడవ గదుల మధ్య మూడు పలకలను దగ్గర దగ్గరగా, ఒకటి పైనుండి, ఒకటి క్రిందనుండి నీరు పోయేట్లు అంటించాలి. ఆ మలుపులలో బుడగలు పైకి తేలిపోతాయి.

అంటించడానికి బూజునిరోధక మందు కలపని సిలికాన్ మాత్రమే వాడాలి. స్నానాల గదులకు అమ్మే రకం పనికిరాదు. అంటించిన తరువాత ఒక వారం ఆరనివ్వాలి. ప్లంబర్ ఇత్తడి వాల్వు బిగిస్తానంటే ససేమిరా ఒప్పుకొనవద్దు. ఇత్తడిలోని రాగి ఉప్పునీటిలో కొద్దికొద్దిగా కరిగినా నత్తలకు, రొయ్యలకు విషమే. పైపులు, వాల్వులు, ట్యాంక్ నిపిల్ అన్నీ ప్లాస్టిక్‌వే కావాలి. పంపు కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఉన్న అంకెను చూసి మురిసిపోవద్దు. అది ఎత్తు సున్నా అయినప్పటి అంకె. నీరు మీటరుకు పైగా ఎక్కి, రెండు మూడు వంపులు తిరిగి వచ్చేసరికి అందులో చాలా భాగం తగ్గుతుంది. మన సంస్థలో పంపుల పటాలు చదవగలిగిన వారు వందలలో ఉన్నారు గనుక ఈ విషయం ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. ఇరవై ఏళ్ళకు పైగా పంపుహౌసులో పనిచేసిన నాకు నాన్ రిటర్న్ వాల్వు అంటే గట్టి నమ్మకం. పంపు ఆగినప్పుడు పై నీరు వెనక్కు రాకుండా అది ఆపుతుంది గదా అని, నీటిని పైకి చేర్చే గొట్టం మూతిని పై తొట్టిలో పది సెంటీమీటర్ల లోతున పెట్టాను. చూడడానికి అందంగా ఉన్నది. 2023 మే నెలలో ఒక రాత్రి రెండు గంటల వేళ కరెంటు పోయింది. వాల్వు నాలుక క్రింద నత్తగుల్ల ముక్క ఒకటి ఇరుక్కొని ఉన్నదని నాకు తెల్లవారిన తరువాత గాని తెలియలేదు. పంపు ఆగగానే గొట్టం సైఫన్‌గా మారి, మూతి గాలిలో తేలేవరకు పై తొట్టి నీటిని క్రిందకు లాగుతూనే ఉన్నది.

లెక్క చూడండి. పై తొట్టి వైశాల్యం 120 ఇంటూ 45, అంటే 5,400 చదరపు సెంటీమీటర్లు. నీరు ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు. పది సెంటీమీటర్లకు 54 లీటర్లు, అలుగు పెట్టెలో, పైపులలో మిగిలినది మరొక నాలుగు లీటర్లు, మొత్తం 58. సంపు వైశాల్యం 3,150 చదరపు సెంటీమీటర్లు. అందులో సగటున 24 సెంటీమీటర్ల నీరు ఉండగా పైన మిగిలిన ఖాళీ 16 సెంటీమీటర్లు, అంటే 50 లీటర్లు. ఎనిమిది లీటర్ల ఉప్పునీరు నేలపాలైంది. అర బకెట్టు! ఆ అర బకెట్టు నీరు గోడవార పైపు సందు గుండా క్రింది వాటాలోకి దిగి, మా విభాగంలోనే పనిచేసే మిత్రుని హాలు గోడను తడిపింది. ఆయన ఫోను చేసి, ‘ఏమండీ, పైన ఏమైనా పగిలిందా?’ అని మర్యాదగానే అడిగారు. మంచినీరైతే ఆరిపోయేది. ఉప్పునీరు గనుక గోడ పొక్కి, రెండు నెలలపాటు సున్నం రాలుతూనే ఉన్నది. వెల్ల నేనే వేయించాను.

అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. ఎక్స్‌టెన్షన్ బోర్డును నేను అలమర అడుగున నేలమీదే ఉంచాను. మా ఆవిడ వట్టి కాళ్ళతో నిలబడి తడిగుడ్డతో నీరు ఎత్తుతుండగా కరెంటు తిరిగి వచ్చింది. ఆ క్షణంలోనే ఇంటి ఇ.ఎల్.సి.బి. టక్కున పడిపోయింది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆ చిన్న పెట్టె గోడకు లేకపోయినట్లయితే ఈ వ్యాసం వ్రాసే స్థితిలో నేను ఉండేవాడిని కాను. ఉప్పునీరు మంచినీటి కంటే ఎన్నో రెట్లు మంచి విద్యుద్వాహకమని పాఠశాలలో చదివినదే. ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాలకు నినాదాలు వ్రాసి బహుమతి పుచ్చుకున్నవాడిని. ఇంట్లో బోర్డును నేలమీద ఉంచాను.

మరునాడు చేసిన మార్పులు ఇవి. బోర్డు అలమర పైభాగాన, పక్కగోడకు ఎక్కింది. ప్రతి వైరూ ప్లగ్గు కంటే క్రిందకు ఒక వంపు తిరిగి వెళ్ళేట్లు కట్టాను. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గొట్టం మూతిని నీటి ఉపరితలానికి దగ్గరగా జరిపి, నీటి మట్టానికి కాస్త క్రిందుగా గొట్టానికి చిన్న రంధ్రం వేశాను. మట్టం ఆ రంధ్రం వరకు దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఇప్పుడు కరెంటు పోతే పై తొట్టి మూడు సెంటీమీటర్లే దిగుతుంది. అది 16 లీటర్లు, పైపులలోని నాలుగుతో కలిపి 20. సంపులో ఆరున్నర సెంటీమీటర్లు పెరిగి ఆగుతుంది. ఆ రంధ్రం కూడా నాచుతో పూడుకుపోతుంది గనుక నెలకొకసారి పుల్లతో పొడవాలి. వాల్వును తీసి పారవేశాను. ఉన్నదనే ధీమాయే నన్ను ముంచింది.

దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉన్నది. క్రిందకు దిగే పైపులో నత్తో, నాచుముద్దో అడ్డుపడితే పంపు మాత్రం తన పని మానదు. మూడవ గది ఖాళీ అయ్యేవరకు నీటిని పైకి తోస్తూనే ఉంటుంది. అందుచేత ఆ గది చిన్నదిగా ఉండడమే మేలు. నా సంపులో దాని పొడవు 25 సెంటీమీటర్లు; పంపు గాలి పీల్చే లోపల అది 13 లీటర్లకు మించి ఎత్తలేదు. పై తొట్టి అంచు వరకు ఉన్న మూడు సెంటీమీటర్ల ఖాళీలో 16 లీటర్లు పడతాయి. అయినా రెండవ పైపు ఒకటి, మొదటిదానికంటే ఎత్తులో, ఖాళీగా ఉంచాను. మామూలు రోజులలో అందులోకి చుక్క నీరు పోదు. దానిలో గలగల వినిపించిందంటే మొదటి పైపును చూడమని అర్థం.

వేసవిలో మరొక పని ఉంటుంది. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు ఆవిరికాదు. కనుక తగ్గిన మేరకు ఆర్.ఓ. మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయరాదు. సంపు ఉన్న తొట్టిలో ఈ తరుగు పైన కనబడదు, మూడవ గదిలోనే కనబడుతుంది. మిద్దె ట్యాంకులో వాడే తేలుబంతి వంటిదే చిన్న పరిమాణంలో అమర్చితే తరుగు దానంతట అదే భర్తీ అవుతుంది. అయితే ఆ మంచినీటి డబ్బా చిన్నదిగా ఉండాలి. బంతి ఎప్పుడైనా ఇరుక్కుంటే డబ్బాలోని నీరు మొత్తం సంపులోకి వచ్చేస్తుంది. ఆ నీరు కూడా కరెంటు పోయిన వేళ వచ్చే 20 లీటర్లతో కలిసి ఖాళీలో ఇమడాలి. సంపు మీద చిన్న ఫ్యాను పెడితే ఆవిరి పెరిగి, కుండలో నీరు చల్లబడినట్లు తొట్టి కూడా చల్లబడుతుంది. ఒక లీటరు ఆవిరైతే 300 లీటర్ల నీటిని దాదాపు రెండు డిగ్రీలు చల్లబరచేంత వేడిని తీసుకుపోతుంది. ఉక్కపోత ఉన్న రోజులలో మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు.

సంపు కట్టడం పూర్తయిన తరువాత, చేపలను తేవడానికి ముందు, పరీక్షించండి. మంచినీటితోనే నింపి, పంపు నడుస్తుండగా మెయిన్ స్విచ్చి ఆపండి. నీరు ఎంతవరకు పెరిగి ఆగుతుందో చూడండి. మళ్ళీ వేయండి, మళ్ళీ ఆపండి. ఒక పది సార్లు. సైఫన్ రంధ్రాన్ని వేలితో మూసి కూడా ఒకసారి చూడండి, పక్కన బకెట్టు పెట్టుకొని. పంపు నడుస్తున్నప్పుడు మూడవ గదిలో నీరు ఏ మట్టాన్ని దాటితే కరెంటు పోయినప్పుడు సంపు పొర్లుతుందో, అక్కడ గాజు మీద ఎర్రరంగుతో ఒక గీత గీయండి. నా సంపు మీద ఆ గీత గీసింది క్రింది వాటా మిత్రుడే. వారానికొకసారి మా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడు, చేపలను చూడడానికి ముందు అలమర తలుపు తెరచి ఆ గీతను చూస్తారు.